బండి పలక - బడి పలక

తెలుగున ‘పలక’ యను మాటకు అర్థములు పెక్కు గలవు. బిడ్డ ఓనమాలు దిద్దునది పలక. సత్రము గోడలో దాత పేరు చెక్కించి నిలిపిన రాయి శిలాఫలకము. మోటారు బండికి ముందు వెనుకల తగిలించి, వాడుకలో నంబరు ప్లేటని పిలుచుకొను దానికిని పలక యను పేరే తగును. ఈ వ్యాసమున బండి పలకకును బడి పలకకును గల సంబంధమును చరిత్ర ననుసరించి పరిశీలింప దలచితిని. ఇది మాటల పొందిక కొరకు కల్పించిన సంబంధము కాదు. ప్రపంచమున కొన్ని తావులందు బండి పలక వలన వచ్చిన ధనముతో బడులకు సాయము జరుగుచున్నది. మృతవీరులకు స్మారకములు లేచినవి. మన దేశమున బండి పలకకు అట్టి యవకాశము లేదు. కాని దానికి దగ్గరి చుట్టములైన చిన్న గుర్తులు మనకును గలవు. వానిలో ఒకటి తిరుత్తణిలో జన్మించిన మహనీయుని పేరుతో ముడివడి యున్నది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఈ చరిత్ర యెందులకు పనికివచ్చునో చివర విన్నవించెదను.

సంఖ్యాఫలకము పుట్టుక

బండికి సంఖ్య వేయవలెనను నియమము మొదట పోలీసువారి యవసరము నుండి పుట్టినది. 1893లో పారిస్ నగర పోలీసుశాఖ, ప్రతి మోటారు బండికిని యజమాని పేరు, చిరునామా గల లోహపు పలకను తగిలింపవలెనని ఆజ్ఞాపించినది. ఇంగ్లండున 1903లో చేసిన చట్టము 1904 జనవరి 1 నుండి బండ్లకు సంఖ్యలను విధించినది. మన దేశమంతటికిని వర్తించు మోటారు వాహనముల చట్టములు మొదట 1914లోను, పిమ్మట 1939లోను వెలువడినవి. 1988 నాటి చట్టము 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. రాష్ట్రమునకు రెండక్షరములు, కార్యాలయమునకు రెండంకెలు వ్రాయు నేటి పద్ధతి అప్పుడు నెలకొన్నది.

ఈ యక్షరములు ప్రభుత్వపు ముద్రలే గాని బండి నెక్కినవాని ముద్రలు కావు. ఈ సత్యము తిరుత్తణి వారికి దెలిసినంత బాగుగా ఇతరులకు దెలియదనవచ్చును. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు తిరుత్తణి అందు చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరింపగా చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణియు ఆంధ్రలోనికి వచ్చినది. తిరుత్తణి తమిళులదేయని మా. పొ. శివజ్ఞానము మున్నగువారు ఉత్తర సరిహద్దు ఉద్యమమును సాగించిరి. తెలుగువారును తమ వాదమును వినిపించిరి. తుదకు హరి వినాయక్ పాటస్కర్ చేసిన సిఫారసుల ననుసరించి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టమును చేసినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రములో చెంగల్పట్టు జిల్లాకు మారినది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు అటు ఆంధ్రప్రదేశమున చేరి సత్యవేడు ప్రాంతమైనవి.

ఇక బండి పలకల సంగతి. మదరాసు రాష్ట్రమున సంఖ్యలు ‘ఎమ్’ అను అక్షరముతో మొదలగుచుండెను. ఆంధ్రమున ‘ఏ’ అను అక్షరముతో మొదలయ్యెను. 1969లో రాష్ట్రమునకు తమిళనాడను పేరు వచ్చిన పిమ్మట ‘టి’ అక్షరము వచ్చినది. 1997లో తిరువళ్లూరు ప్రత్యేక జిల్లా యైనది. నేడు తిరువళ్లూరు కార్యాలయమున నమోదైన బండికి ‘టి.ఎన్. 20’ అని యుండును. కొండ కదలలేదు, కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి కదలలేదు, ఇంటిలో పలుకు తెలుగును కదలలేదు. పలక మీది యక్షరము మాత్రము మారుచు వచ్చినది. కావున ఆ పలకను జూచి మన భాష బ్రదికియున్నదనిగాని, పోయినదనిగాని నిశ్చయింప వలను పడదు. భాష యునికిని దెలుపు పలక వేరొకటి గలదు. అది బడిలో బిడ్డ ఒడిలో నుండునది.

స్మారక ఫలకముల కథ

ప్రభుత్వపు ముద్రయైన ఈ పలక ధర్మకార్యములకు ధనమును దెచ్చు సాధన మెట్లయ్యెను? ఆ కథ అమెరికా దేశమున నడచినది. అచ్చట పలకలను ఒక్కొక్క రాష్ట్రము తన యిచ్ఛానుసారము ముద్రించును. 1928లో ఐడహో రాష్ట్రము తమ ఆలుగడ్డల ఖ్యాతిని బండి పలకపై చాటినది. అది పంటకు ప్రకటన మాత్రమే. ధర్మకార్య మింకను అందు చేరలేదు. 1970లో కాలిఫోర్నియా మరియొక అడుగు వేసినది. తమకు నచ్చిన అక్షరముల కూర్పును కోరువారు అదనపు రుసుము నీయవలెననియు, ఆ సొమ్ము పర్యావరణ రక్షణకు వినియోగింపవలెననియు నిర్ణయించినది. మనుష్యునకు తన పేరు పదిమందికి గనబడవలెనను కోరిక సహజము. ఆ కోరికను నిందింపక, దానికి వెల కట్టి, ఆ వెలను లోకహితమునకు మరల్చుట యందే ఈ యేర్పాటు లోని తెలివి యున్నది.

స్మారక ఫలకమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఫ్లోరిడాలో గలదు. 1986 జనవరి 28న ‘చాలెంజర్’ అను అంతరిక్షనౌక ఆకాశమున ప్రేలిపోగా అందలి ఏడుగురును మరణించిరి. వారిలో ఒకరు క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ. వారి జ్ఞాపకార్థము ఫ్లోరిడా రాష్ట్రము 1987 నుండి ప్రత్యేక ఫలకమును జారీ చేసినది. అదనపు రుసుమును చెల్లించి దానిని గైకొన్నవారి ధనము తోడ్పడగా, కెన్నెడీ అంతరిక్ష కేంద్రమున మృతుల పేర్లు చెక్కిన పెద్ద నల్లని అద్దపు శిల 1991లో ప్రతిష్ఠింపబడినది. ఒక్కొక్కరు ఇచ్చినది స్వల్పమే. కాని ఏటేట బండి నమోదుతో పాటు ఇచ్చుచుండుటచే అది నదియై ప్రవహించినది.

ఈ విధానమునకు మూలమైన నియమములు మూడని చెప్పవచ్చును. మొదటిది: ఇంతమంది కొందుమని ముందుగా ముందుకు వచ్చినగాని పలక ముద్రింపబడదు. రెండవది: సాధారణ రుసుము ప్రభుత్వమునకే చెందును, అదనపు రుసుము మాత్రము పేర్కొన్న కార్యమునకు చెందును. మూడవది: ఆ ధనమును గైకొన్న సంస్థ లెక్క చూపవలెను. ఆదరణ తగ్గినచో కొన్ని రాష్ట్రములు ఆ పలకను నిలిపివేయును. ఉత్సాహము, హద్దు, లెక్క - ఈ మూడును గూడినప్పుడే చిహ్నము ధనమగును. లెక్క లేని ఉత్సాహము జాతర వంటిది. మరునాడు దాని గుర్తు మిగులదు.

పలక మీది పలుకు ఎవరిది?

ఇచ్చట ఒక చిక్కు గలదు. అల్పసంఖ్యాకులైనవారు దీనిని శ్రద్ధతో గమనింపదగును. ప్రభుత్వపు పలక మీద వ్రాసిన మాట ఎవరి మాట? బండి యజమానిదా, ప్రభుత్వముదా? న్యూ హాంప్‌షైర్ రాష్ట్రము తన పలకలపై స్వాతంత్ర్యము లేని బ్రతుకు వలదను నర్థము గల నినాదమును ముద్రించెను. జార్జి మేనార్డ్ అను పౌరుడు తన మతవిశ్వాసమునకు విరుద్ధమని ఆ నినాదమును కప్పివేసి పదునైదు దినములు కారాగారమున నుండెను. తుదకు 1977లో ఆ దేశపు సుప్రీంకోర్టు, తనకు నచ్చని మాటను తన బండిపై మోయవలసినదని పౌరుని నిర్బంధింపరాదని తీర్పు చెప్పినది. 2015లో టెక్సాస్ రాష్ట్రమునకు సంబంధించిన మరియొక వ్యాజ్యమున, ప్రత్యేక ఫలకములపై నుండునది ప్రభుత్వపు వాక్కే గనుక ఏ సంఘపు గుర్తును నిరాకరించుటకైనను రాష్ట్రమునకు హక్కు గలదని అదే న్యాయస్థానము నలుగురిపై ఐదుగురి మతముతో తీర్మానించినది.

ఈ రెండు తీర్పులను కలిపి చదివినచో తేలున దిది: నీవు వలదన్న మాటను ప్రభుత్వము నీ చేత మోయింపరాదు, కాని నీవు కోరిన మాటను ప్రభుత్వము తన పలకపై మోయవలెనని నిర్బంధింపను రాదు. కావున తన భాషను ప్రభుత్వము ముద్రించునని వేచియుండు సమాజము వేచియే యుండవలసి వచ్చును.

వేచియుండని వారి ఉదాహరణము గూడ ఆ దేశముననే గలదు. చెరొకీ యను ఆదిమజాతివారు 1838-39లో తమ పూర్వభూముల నుండి వెళ్లగొట్టబడి, వేలకొలది జనము త్రోవలో మరణింపగా, నేటి ఓక్లహామా ప్రాంతమునకు చేరిరి. ఆ ప్రయాణమును చరిత్రలో ‘కన్నీటి బాట’ యందురు. అంతకు ముందే, 1821 నాటికి, ఏ లిపియు చదువనేరని సెకోయా యను చెరొకీ పండితుడు తన భాషకు స్వయముగా అక్షరమాలను కల్పించెను. 1828లో ఆ యక్షరములతో వార్తాపత్రికయు వెలువడినది. వారి రాజముద్రపై నేటికిని ఆ యక్షరములు గలవు. ఈ చెరొకీ జాతి ప్రభుత్వము 2001 నుండి తన పౌరుల బండ్లకు తానే పలకలను జారీ చేయుచున్నది. ఆ యాదాయమున నూటికి 38 వంతులు విద్యకు చెందవలెనని వారి శాసనము. ఆ సొమ్ము చెరొకీ బిడ్డలు చదువు ప్రభుత్వ పాఠశాలలకు అందుచున్నది. అందు వారితో పాటు ఇతర జాతుల పిల్లలును చదువుదురు. ఇదియే బండి పలక బడి పలకయైన తీరు.

వారికిని మనకును భేదము గలదు. వారికి తమ జాతి ప్రభుత్వమున్నది, పన్ను వేయు నధికారమున్నది. మనము ఈ రాష్ట్రమున సమానహక్కులు గల పౌరులము. మనకట్టి యధికారము లేదు, కోరనక్కరయు లేదు. గ్రహింపదగినది వారి యధికారమును గాదు, వారి నియమమును: గుర్తు వలన వచ్చిన ధనమున ఇంత భాగము చదువునకని ముందే కట్టడి చేసికొనుట.

మన దేశపు పలక

మన దేశమున కేంద్ర మోటారు వాహనముల నియమములు మిగుల కఠినమైనవి. పలక మీద సంఖ్య తప్ప మరి యేమియు నుండరాదు. అక్షరములు ఇంగ్లీషువి, అంకెలు అంతర్జాతీయ రూపమున నుండవలెను. ఈ నియమము ముందు తెలుగును తమిళమును సమానమే. రెంటికిని చోటు లేదు. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త బండ్లన్నిటికిని అశోకచక్రపు ముద్ర గల భద్రతా ఫలకములు తప్పనిసరి యైనవి.

అయినను పలక వలన ధనము రాకపోలేదు. వేడుకైన సంఖ్యలను కోరువారు ప్రత్యేక రుసుము చెల్లింతురు. కొన్ని రాష్ట్రములు వేలమును వేయును. 2024లో హైదరాబాదున ‘టి.జి. 09’ వరుసలోని 9999 సంఖ్య 25 లక్షల రూపాయలకు పైగా పలికినది. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరును. ఫలానా బడికి, ఫలానా ఆసుపత్రికి అని పేరు పెట్టి పోదు. మనవారనేకులు జీవనోపాధికై వెళ్లియున్న దుబాయిలో పద్ధతి వేరు. అచ్చట 2023లో ‘పి 7’ అను పలకను వేలము వేయగా 5 కోట్ల 50 లక్షల దిర్హములు వచ్చినవి. ఆ ధనము అన్నార్తులకు వంద కోట్ల భోజనములను సమకూర్చుటకై నెలకొల్పిన నిధికి చేరినది. ధనికుని వేడుక అన్నదానమైనది. కాని అది ఒక్క ధనికుని చేతి చలువ. సామాన్య కుటుంబములు గల మన సమాజమునకు కావలసినది పదిమంది చేయు చిన్న దానము.

చిన్న గుర్తులు, పెద్ద పనులు

అట్టి చిన్న దానపు సంప్రదాయము మన దేశమున లేకపోలేదు. బండి పలకకు మిక్కిలి దగ్గరిది సాయుధదళముల పతాకదినపు జెండా. 1949 నుండి ఏటేట డిసెంబరు 7న ఎరుపు, ముదురు నీలము, లేత నీలము రంగులు గల చిన్న జెండాలను ప్రజలకిచ్చి విరాళములు గైకొనుచున్నారు. అవి సైన్య, నౌకా, వైమానిక దళములకు గుర్తులు. చొక్కాకు గ్రుచ్చుకొను చిన్న కాగితపు జెండా యొకటి, మోటారు బండికి నిలుపుకొను జెండా మరియొకటి. ఈ రెండవది నిజముగా మన స్మారక ఫలకమే. అది పలకపై గాక పలక ప్రక్కన నిలిచినది, అంతే భేదము. ఆ ధనము యుద్ధమున మరణించినవారి కుటుంబములకును, వికలాంగులైన సైనికులకును, మాజీ సైనికులకును వినియోగపడుచున్నది. వేర్వేరుగా నున్న నిధులను 1993లో ఒకటిగా చేర్చిరి.

రెండవది క్షయనివారణ ముద్ర. 1904లో డెన్మార్కు దేశమున ఐనార్ హోల్బోల్ అను తపాలా ఉద్యోగి, క్రిస్మస్ పండుగ ఉత్తరములపై స్వల్ప మూల్యము గల ఒక ముద్రను అదనముగా అంటించినచో ఆ సొమ్ముతో రోగపీడితులైన బిడ్డలను గాపాడవచ్చునని భావించెను. ఆ యాలోచన దేశదేశముల వ్యాపించినది. మన దేశమున 1939లో స్థాపింపబడిన క్షయనివారణ సంఘము 1950 నుండి ఇట్టి ముద్రల నమ్మకమును చేపట్టినది. ఆ డెన్మార్కు నుండియే వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయమును తీర్చిదిద్దెను. 1915లో ఆ చికిత్సాలయము తెరువబడినప్పుడు మదనపల్లెయు తిరుత్తణియు ఒకే చిత్తూరు జిల్లాలో నుండినవి.

మూడవది మన యింటిదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించెను. ప్రాథమిక విద్య అచ్చటనే యభ్యసించి, తిరుపతి, వేలూరు, మదరాసులలో పై చదువులు చదివి, లోకమునకు భారతీయ తత్త్వమును బోధించి, 1962 మే నెలలో రాష్ట్రపతి యయ్యెను. తన జన్మదినమును జరుపదలచిన వారితో, దానిని ఉపాధ్యాయుల దినముగా జరిపినచో సంతసింతునని చెప్పినట్లు లోకప్రసిద్ధము. ఆ యేడే ఉపాధ్యాయుల సంక్షేమమునకై జాతీయ నిధి స్థాపింపబడినది. ఉపాధ్యాయ దినోత్సవమున చిన్న జెండాలను పంచి, బడిపిల్లల యొద్దను పెద్దల యొద్దను నాణెములు సేకరించి, కష్టముల పాలైన ఉపాధ్యాయులకును వారి కుటుంబములకును సాయము చేయుట దాని పద్ధతి. ఒక పురుషుని పుట్టినరోజు వేడుకగా ముగియవలసినది, వేలాది పంతుళ్ల యిండ్లకు ఆసరా యైనది. పలకపై పేరు చెక్కించుకొనుటకంటె ఇది గొప్ప స్మారకము. తిరుత్తణి పేరు దేశమందలి ప్రతి బడిలోను ఏడాది కొకమారైనను తలపునకు వచ్చుటకు కారణ మిదియే.

మన కర్తవ్యము

ఇక మన సంగతి. రాజ్యాంగమున 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషను, విద్యాసంస్థలను రక్షించుచున్నవి. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతుల గల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. తమిళనాడున 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతి నుండి క్రమముగా పదవ తరగతి వరకు నిర్బంధ పాఠ్యముగా చేసినది. ఈ రాష్ట్రపు భాషను మన బిడ్డలు చక్కగా నేర్వవలెననుటలో వివాదము లేదు. తరతరములుగా మనము తమిళమును పరభాషగా చూచినవారము కాము. కాని తమిళముతో పాటు తెలుగును నిలుపుకొనుటకు అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు మినహాయింపులకై న్యాయస్థానముల నాశ్రయింపవలసి వచ్చినది. తెలుగు పంతులు పదవీవిరమణ చేసినచోట మరియొకరు రాలేదను నావేదనయు, పిల్లలు చాలనందున తెలుగు తరగతి మూతపడినదను వార్తయు పలుచోట్ల వినబడుచునే యున్నవి. చట్టము హక్కు నీయగలదు. తరగతి గదిని నింపవలసినది మనమే.

కావున ఈ సంఘమునకు ఒక విన్నపము. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జన్మదినము; దానిని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సెప్టెంబరు 5 రాధాకృష్ణన్ జన్మదినము. ఈ రెంటికి నడుమ ఎనిమిది దినముల వారమును ‘పలక వారము’గా పాటింపవచ్చును. ఏటికొక చిన్న గుర్తును ముద్రించి సభ్యుల కీయవచ్చును. అది ఇంటి తలుపునకు అంటించుకొనునదియో, బండి లోపల వ్రేలాడదీసికొనునదియో కావలెనే గాని, నంబరు పలక జోలికి పోరాదు. చట్టము నతిక్రమించి చేయు భాషాసేవ భాషకు మేలు చేయదు. ఉదాహరణకు 200 కుటుంబములు ఏటికి 500 రూపాయల చొప్పున ఇచ్చినచో 1 లక్ష రూపాయలగును. ఆ ధనము భవనము కట్టుటకు చాలదు; కట్టనక్కరయు లేదు. సాయంకాలమున తెలుగు చెప్పు ఒక పంతులమ్మకు గౌరవవేతనమున కొంత భాగము, పిల్లలకు వాచకములు, పలకలు, బలపములు - వీనికి చాలును.

అయితే పైన చెప్పిన మూడు నియమములను మరువరాదు. ఎందరు ముందుకు వత్తురో ముందుగా తేల్చుకొనవలెను. వచ్చిన సొమ్ములో విద్యకు ఎంత యని మొదటనే వ్రాసికొనవలెను. సంవత్సరాంతమున సభలో లెక్క చదివి వినిపింపవలెను. ఆ లెక్కలో ఎంత వచ్చినది, ఎంత పోయినది యనుటతో పాటు, ఈ యేడు ఎందరు బిడ్డలు తెలుగు చదువ నేర్చిరి యను సంఖ్యయు నుండవలెను. మనము ఏటేట గర్వముగా పెంచుకొనవలసిన సంఖ్య అది.

బండి పలక మీది యక్షరములను నిర్ణయించునది ప్రభుత్వము. అవి ఇదివరలో మారినవి, ఇకముందును మారవచ్చును. వానికై చింతింప బనిలేదు. బడి పలక మీద తొలి యక్షరము ఏదియో నిర్ణయించునది మాత్రము తల్లిదండ్రులు. ఆ యధికారమును ఏ సరిహద్దు చట్టమును మన నుండి గైకొనలేదు. మనమై మనము వదలుకొనకుందుము గాక.